నిలవని నీలం

మా అమ్మ దసరా నాడు ఇంట్ల ఉండదు. పిల్లలు ఏడ పనిచేస్తుంటె ఆడికి పోతది. టిఫిన్ డబ్బాల పై గిన్నెల పసుపు, కింది గిన్నెల కుంకుమ, సంచిల ఒక కొబ్బరికాయ. కాల్వ పనులకు తిరిగిన దినాలల్ల పారకు, తట్టకు, గడ్డపారకు బొట్లు పెట్టి మొక్కేది. మనకింత అన్నం పెట్టినయి గద అనేది. పార, తట్ట పోయినయి గాని అలవాటు పోలే. నేను గద్వాలల టీవీలు బాగుచేసే దుకాణంల ఉన్నన్ని ఏండ్లు దసరా పొద్దుగాల్నే బస్సు దిగి వచ్చి నా సోల్డరింగు కడ్డీకి, స్క్రూడ్రైవర్లకు, మీటరుకు, ఆఖరికి బాగుకాకుండ మూలకు పడున్న టీవీలకు గూడ బొట్టు పెట్టి పోయేది.

"అవి సచ్చిపోయినయమ్మా" అంటె, "సస్తె మాత్రం? నీ చేతుల పడ్డయి గద, పాపం" అనేది.

నాకున్న ఎకసెక్కెం ఎవరి దిక్కు నుంచి వచ్చిందో ఇగ నేను చెప్పే పని లేదు.

నేను ఆరో తరగతిల బడి ఇడిసిన. ఇడిసిన అంటె నేనేదో బడి మీద దయతలచినట్టు ఉంటది. అమ్మ, నాయిన కాల్వ పనికి పోతుంటె గుడిసెల వంట చేసేటందుకు ఒక మనిషి కావాల్నని నన్ను పట్కపోయిండ్రు. చెల్లె చిన్నది, హాస్టల్ల ఏసిండ్రు. అందుకే నాకు అన్నం ఎసరు తెలుసు, ఆమెకు ఫిజిక్సు తెలుసు. తర్వాత నాయిన పట్నంల ఒక అపార్టుమెంటు కాడ వాచ్‌మెన్‌గ కుదిరిండు. అమ్మ పాన్‌గల్ దిక్కు మా ఊర్లనే ఉండి కైకిలి కూలికి పోతుండె, మిరపకాయ దినాలల్ల ఇటిక్యాల దంక పోయి తెంపొచ్చేది.

గద్వాల దుకాణం గూడ మూతపడ్డది. ఎనకటి టీవీల మనిషి చెయ్యి పెట్టేందుకు జాగ ఉండేది. ఇప్పటి టీవీ పలక పగిలితె దాన్ని గోడకు ఆనిచ్చి కొత్తది కొంటరు. నేను వనపర్తి దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీల కరెంటు పనికి చేరిన. చెల్లె అప్పటికే ఆ కాలేజీల పాఠాలు చెప్తుండె. పాఠాలు చెప్పుకుంటనే పట్నంల ఒక సారు కింద పీహెచ్‌డీ చేస్తుండె. ఆమె పనికని కాలేజీ వాళ్లు ఎనక దిక్కున్న పాత స్టోర్ రూం ఇచ్చిండ్రు. నేను సచ్చిన టీవీలు ఇప్పేటోన్ని, ఆమె ఇంకా పుట్టని టీవీలకు రంగులు చేసేటిది. ఇద్దరం ఒక్క తల్లి పిల్లలమే.

ఆమె చేసేటివి క్వాంటమ్ డాట్లు. నేను చుక్కలు అంటుంటి. మొదటి దినం రూంల వైరింగు చేస్తూ, ఏంది పిల్లా ఇదంతా అని అడిగిన.

"గింజలన్నా. సెమీకండక్టర్ గింజలు. నీ టీవీలల్ల ట్రాన్సిస్టరు ఉంటది సూడు, గా జాతి పదార్థమే. గాని ఒక్కొక్క గింజ ఎంత చిన్నగుంటదంటె, మన బడిల ఉండే మైక్రోస్కోపుకు గూడ ఆనది."

"మరి ఉన్నదని ఎట్ల తెలుస్తది?"

"ఎలుగుతది."

"అయితె దేవునికన్న నయం."

ఆమె నవ్వి, ఊదా రంగు టార్చి ఒకటి తీసింది. దొంగనోట్లు సూసేటందుకు దుకాణాలల్ల పెట్టుకుంటరు, అసువంటిదే. రెండు చిన్న సీసాల మీద కొట్టింది. ఒకటి ఎర్రగ, ఒకటి ఆకుపచ్చగ భగ్గుమన్నయి. రెండిట్ల ఒకటే జాతి గింజలంట. గింజ పెద్దగుంటె ఎరుపు, చిన్నగయిన కొద్ది ఆకుపచ్చ, ఇంకా చిన్నగయితె నీలం. రంగు ఏసేది ఏం లేదు, సైజే రంగు. గీ గింజలను సన్నగ గాజు మీద పూసి కరెంటు ఇస్తె అవే దీపం అయితయంట, టీవీ పలక అయితయంట.

చేసే తీరు వంటనే. మూడు మూతుల గాజు కుండల నూనెలాంటిది పోసి, మిరపకాయ బజ్జీల నూనెకన్న ఎక్కువ కాగబెడ్తది. లోపలికి గాలి రావద్దు, అందుకే సిలిండర్ల నుంచి నైట్రోజన్ వస్తుంటది. జింకు ముందే నూనెల కలిసి ఉంటది. సెలీనియం కరిగిన మందు ఒకటి సిరంజిల పట్టి, ఒక్క దెబ్బకు లోపలికి పొడవాలె. "పోపుల ఆవాలు ఒక్కపారి ఏస్తె అన్నీ ఒక్కతీరు చిట్లుతయి గద. కొన్ని ముందు, కొన్ని ఎనక ఏస్తె కొన్ని మాడతయి, కొన్ని పచ్చిగుంటయి. గిది గూడ గంతే" అన్నది. ఆమె పొడిచెటప్పుడు నేను ఊపిరి బిగబట్టి స్విచ్‌బోర్డు కాడ నిలబడేటోన్ని. కరెంటు పోతె జనరేటర్ అందుకునేదంక కుండ సల్లబడ్తది. కుండ సల్లబడితె ఆ దినం ఖతం.

ఆ మందు కుళ్లిన ఎల్లిగడ్డ వాసన. చేతులు ఎంత కడుక్కున్నా పోదు. ఊరి బస్సు ఎంత నిండుగున్నా మా చెల్లె పక్క సీటు ఖాళీగ ఉండేది. నేను రాజు లెక్క కూసునేటోన్ని.

ఎరుపు, ఆకుపచ్చ అందరు చేస్తరంట. చెల్లె తీసుకున్నది నీలం. నీలం నిలవది.

"ఎందుకు నిలవది?"

"చిన్నదానికి అంతా తోలే అన్నా. లోపల అంటూ ఏం లేదు. గాలి తగిలినా, ఎలుగు తగిలినా తోలే గద దెబ్బతినేది. దానికి ఇంకో పదార్థం తొడగాలె. ఆ తొడుగు ఒక్కతీరు పట్టాలె. అది పడ్తలేదు."

మా దగ్గర కొలిచే మిషన్ లేకుండె. అది పట్నంల సారు దగ్గర ఉండె. మా దగ్గర ఉన్నది ఊదా టార్చి, నాలుగు కండ్లు. అందుకే మేము చాయ్ పరీక్ష అని ఒకటి పెట్టుకున్నం. గింజల సుక్క ఒకటి చిన్న సీసాల ఏసి, టోలుయీన్ అనే పల్చటి ద్రావకం పోసి, లైటు బంద్ చేసి టార్చి కొడ్తది. నీలంగ ఎలుగుతది. నేను గేటు కాడికి పోయి చాయ్ తెస్త. వచ్చెవరకు సీసా బూడిద రంగుకు తిరిగి ఉంటది. చెల్లె దాని దిక్కు సూడకుండ చాయ్ అందుకుంటది. ఎన్ని చాయ్‌లు గట్ల తాగినమో లెక్కలేదు. నీలం సచ్చినంక తాగే చాయ్ దినకర్మల చాయ్ లెక్కనే ఉంటదని నేను అంటుంటి. మొదట నవ్వేది. తర్వాత తర్వాత నవ్వుడు తగ్గింది.

ఎందుకంటె గడువు దగ్గరికొచ్చింది. అప్పటికే యూనివర్సిటీ వాళ్లు పెంచి పెంచి ఉండ్రి. ఆ ఏడు ఆఖరు దంకనే అన్నరు. అప్పటికి నీలం నిలవకుంటె పీహెచ్‌డీ లేదు, రూం గూడ లేదు. హాస్టల్ల ఏసిన దినం నుంచి ఆమె చదివిన చదువంతా ఆ చాయ్ వచ్చేటంత సేపటి మీద నిలబడి ఉండె.

ఆ ఏడు దసరాకు అమ్మ కాలేజీకి వచ్చింది. సెలవులు, మనుషులు లేరు, కరెంటు అంతా మాకే అని చెల్లె పండగ పూట గూడ రూంలనే ఉండె. అమ్మ ముందుగాల నా నిచ్చెనకు, టెస్టరుకు, కటింగ్ ప్లేయరుకు బొట్లు పెట్టి, చెప్పులు బయట ఇడిసి లోపలికి వచ్చింది.

"అమ్మా, అగర్బత్తి ముట్టియ్యకు. ఇవన్నీ అంటుకునేటియి" అన్నది చెల్లె.

"ముట్టియ్య తియ్యి. బొట్టన్న పెట్టనిస్తవా?"

"పెట్టు. బయట బయట పెట్టు."

అమ్మ హీటరుకు పెట్టింది, గ్యాసు సిలిండరుకు పెట్టింది, గాలి గుంజే పంపుకు పెట్టింది. కుర్చీకి గూడ పెట్టింది. అన్నీ అయినంక నడుం మీద చెయ్యేసుకుని చుట్టు సూసింది.

"ఇవన్నీ సరే బిడ్డా. నువ్వు రోజు చేతుల పట్టుకునేది ఏంది? నాకు పార ఎట్లనో, గట్ల."

చెల్లె జరసేపు ఆలోచన చేసి, బల్ల కింది నుంచి ఇటుక రంగు పెద్ద సీసా తీసింది. టోలుయీన్ సీసా. గింజలు కడిగేది దాంతోనే, పల్చగ చేసేది దాంతోనే. "ఇది లేకుంటె నాకు దినం ఎల్లదమ్మా" అని, పసిపిల్లను ఇచ్చినట్టు రెండు చేతులతోని ముందుకు పట్టింది. అమ్మ పసుపు తడిపి, మూత అంచు నుంచి మెడ సుట్టు, పెండ్లిపిల్లకు రాసినట్టు మంచిగ రాసింది. కడుపు మీద కుంకుమ బొట్టు పెట్టింది. "ఇగ మంచి సంబంధం సూడమ్మా సీసాకు" అన్న నేను. ముగ్గురం కండ్లకు అద్దుకున్నం.

సెలవులు అయిపోయినంక చెల్లె మల్ల ఒక వంట దించింది. సుక్క ఏసింది, టోలుయీన్ పోసింది. "అన్నా, లైటు బంద్ చెయ్యి" అన్నది. టార్చి కొట్టంగనే నెమలి మెడల ఉంటది సూడు, ఆ రంగు లేచింది. నేను ఎప్పటి తీరు చాయ్‌కు పోయిన. గేటు కాడ ఆలస్యం గూడ అయింది. తిరిగి వచ్చెవరకు చెల్లె చీకట్లనే కూసోని ఉంది. టార్చి సీసా మీదనే ఉంది. సీసా ఎలుగుతనే ఉంది.

చాయ్ సల్లారిపోయింది. మొదటిపారి సీసాకన్న ముందు చాయ్ సచ్చింది.

"జర ఆకుపచ్చ కొడ్తుంది గద" అన్న, ఏదో ఒకటి అనాల్నని.

"గింజ జర పెద్దగయింది. అది తర్వాత సూసుకుందం. నిలిచింది సూడు." ఆమె గొంతు వేరే ఎవరిదో లెక్క ఉండె. ఆ సీసాను ఎండ పడకుండ డెస్కుల పెట్టి తాళం ఏసింది. తెల్లారి సూసినా ఎలిగింది.

మల్ల చేసింది. అదే రంగు. ఇంకోసారి చేసింది. మల్ల అదే రంగు. ఎన్నడు రెండుసార్లు ఒక్కతీరు రాని పని ఒక్కతీరు వచ్చుడు మొదలుపెట్టింది. గాజుబిళ్ల మీద పూసి నా చేతికిస్తె నేను వైర్లు తగిలించిన. అది మాత్రం ఎలగలే.

"నీ వైర్లు మంచిగ లేవు" అన్నది.

"నా వైర్లా? నా వైర్ల మీద కాలేజీ అంతా ఎలుగుతుంది. నీ గోరంత బిళ్లకు ఏమయింది?"

"నువ్వు బడి ఇడిసినా వాదన ఇడవలే."

గట్ల నవ్వుకున్న దినాలు మల్ల రాలే. అందుకే ఆ మాటలు గుర్తున్నయి.

ఫోన్ల ఫొటో పంపితె సారు వెంటనే ఫోన్ చేసిండు. మంచి మనిషి, పుస్తకం లెక్క మాట్లాడ్తడు. "చాలా బాగుందమ్మా. సోమవారం శాంపిల్ తీసుకుని రా, కొలుద్దాం. గడువు సంగతి నేను వాళ్లతో మాట్లాడతాను" అన్నడు. చెల్లె ఫోను పెట్టి, "ఆదివారం ఇంటికి పోదమన్నా. ముందు అమ్మకు చూపియ్యాలె" అన్నది.

ఆదివారం మా ఊర్ల పక్కింటోళ్లు కొత్తిల్లు జొచ్చిండ్రు. అమ్మ ఆడనే తిని, కాళ్లకు రాసిన పసుపుతోని అప్పుడే వచ్చి ఉండె. పట్టపగలు, టార్చి ఆనది. కిటికీ లేని అర్ర ఉంది మాకు, పల్లికాయ సంచులు పెడ్తం. దాంట్ల కూసుండబెట్టి తలుపు ఏసినం. చెల్లె సీసా మీద టార్చి కొట్టింది.

అమ్మ మెల్లగ అడిగింది. "ఇది నువ్వు చేసినవా?"

"నేనే."

"ఏం మందు?"

"మందు గాదమ్మా, గింజలు. గీ గింజలే రేపు టీవీలల్ల ఎలుగుతయి."

"గింజలు ఏడున్నయి, కనపడ్తలేవు?"

"కనపడవమ్మా, మన దేవుని కులమే అవి" అన్న నేను.

అమ్మ సీసా అందుకునేటందుకు ముందుకు వంగింది. చెల్లె సీసా ఇయ్యబోతుంటె చేతుల టార్చి కిందికి తిరిగింది. అమ్మ కాళ్లు ఎలిగినయి. మడమల నుంచి ఏళ్ల దంక, రాసిన కాడికల్లా పసుపు పచ్చగ మెరుస్తుంది.

నా నోరు ఊకుంటదా? "చెల్లె, అమ్మకు గూడ ఒక పీహెచ్‌డీ ఇప్పియ్యే. ఆమె కాళ్లు నీ సీసాకన్న బాగ నిలుస్తున్నయి" అన్న.

అమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. "ఛీ పోరా" అన్నది. చెల్లె నవ్వలే. టార్చి కాళ్ల మీదనే పట్టింది. తర్వాత సీసా మీద పట్టింది. మల్ల కాళ్ల మీద.

"అమ్మా, ఇంట్ల పసుపుందా?" అని అడిగింది.

"పసుపు లేని ఇల్లుంటదా? ఏంటికి?"

"జరంత పొట్లం కట్టియ్యి."

అమ్మ ఏంటికని మల్ల అడగలే. కాగితంల కట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు చెల్లె మొఖం దిక్కు సూసుకుంటనే ఇచ్చింది.

వనపర్తి బస్సుల నేను ఊరుకుంటనా, అది ఇది మాట్లాడుకుంట పోతున్న. అమ్మ కాళ్ల రంగు వేరే, సీసా రంగు వేరే గద, ఏంది నీ పరేషాన్ అన్న. "తోలు మీద ఒక రంగు, టోలుయీన్‌ల ఒక రంగు అన్నా. పసుపు గట్లనే చేస్తది. చదివిన నేను" అన్నది. జరసేపు కిటికీల నుంచి సూసి, "అన్నా, జర ఊకో" అన్నది. పసుపు పొట్లం పిడికిట్లనే ఉండె. నేను ఊకున్న.

రూం తాళం తీసి ఆమె చేసిన మొదటి పని, కొత్త చిన్న సీసా ఒకటి తీసుడు. దాంట్ల గింజలు ఏయలే. ఉత్త టోలుయీన్, ఆ పెద్ద సీసాల నుంచి ఒంపింది. లైటు బంద్ చేసిన. టార్చి కొట్టింది. నెమలి మెడ రంగు లేచింది.

గింజలు లేవు, ఏం లేవు. నీలం ఉంది.

లైటు ఏసినంక ఇద్దరం పెద్ద సీసా మెడ దిక్కు సూసినం. అమ్మ రాసిన పసుపు ఎండి పట్టుకొని ఉంది. ఒంపిన దిక్కు మాత్రం కారి కారి, కన్నీళ్లకు కాటుక పోయినట్టు, ఒక గీత ఖాళీగ ఉంది. ఎప్పుడు ఒంపినా జరంత పసుపు కరిగి కిందికి దిగుతుండె. మూడు వంటలకు మూడుసార్లు ఒకటే రంగు ఎందుకు వచ్చిందో ఇగ ఎవరు చెప్పే పని లేదు. నా వైర్లకు ఏ తప్పు లేదు. ఆ మాట నేను అనలే.

చెల్లె సీలు తియ్యని కొత్త సీసా తెరిచింది. ఉత్తగ ఒంపింది, ఎలగలే. దాంట్ల అమ్మ కట్టిచ్చిన పసుపు గోటి అంచుతోని ఏసింది. ఎలిగింది. ఇంకో దాంట్ల తన గింజలు ఏసింది. సన్నగ ఊదా నీలం ఒకటి లేచి, మేము సూస్తుండంగనే బూడిద అయింది. చాయ్‌కు పోయేటంత సేపు గూడ లేదు.

ఆమె కుర్చీల కూసున్నది. కుర్చీకి గూడ బొట్టు ఉండె.

"పోనీ తియ్యే, పసుపుతోనే టీవీ చేద్దం. ఇంటింటికి ఉంది" అన్న. ఆమె నవ్వింది. నవ్వుకుంట ఉంటె నవ్వు ఏడికో పోయింది, ఆమె భుజాలు మాత్రం కదులుతుండె. నాకు నా నోరు ఎప్పుడన్నా బరువు అనిపించిందంటె గప్పుడే.

గ్లౌజులు తియ్యకుండనే నన్ను ఫోను పట్టుకొమ్మని స్పీకర్ల పెట్టించి సారుకు చేసింది. సోమవారం దంక ఆగలే.

"సార్, అది మన గింజలది గాదు. పసుపుది."

"పసుపా? పసుపు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"టోలుయీన్ సీసా మెడకు ఉండె సార్. దసరా నాడు."

ఫోను కట్ అయిందేమో అని నేను సూసిన. కట్ గాలే.

"ఉత్త టోలుయీన్ ఒకసారి చూడలేదా?"

"సూడలే సార్. అది ఎలగదని తెలుసు గద అని."

"సీసాకు పసుపు ఎవరు పెట్టారు?"

చెల్లె నా దిక్కు సూసింది. నేను నోరు తెరిచేటంతల్నే, "నేనే పెట్టిన సార్" అన్నది.

"సరేనమ్మా" అన్నడు ఆయన. కోపం లేదు గొంతుల. కోపం ఉంటె బాగుండు అనిపించింది. "ముందే చెప్పావు, మంచి పని చేశావు. కానీ గడువు ఇక నా చేతిలో లేదు. ఉన్న రోజులు వాడుకో."

ఉన్న దినాలు వాడుకున్నది. కొత్త సీసాలు, కొత్త సిరంజిలు, తొడుగు మందు మార్చుడు, వేడి మార్చుడు. కుండ మంచిగ కాగినంక కరెంటు పోయుడు. నేను జనరేటర్ కాడికి ఉరుకుడు. చాయ్ పరీక్ష మానలే. ఒక దినం నీలం జర ఎక్కువసేపు ఉన్నట్టు అనిపిస్తె నేను గేటు కాడికి ఉరికి, ఉరుక్కుంట తిరిగి వచ్చిన. చాయ్ సగం చేతుల మీదనే పోయింది. "ఎవరన్నా సావుబతుకులల్ల ఉన్నరా ఏంది, గట్ల ఉరుకుతున్నవ్?" అని అడిగిండు చాయ్ ఆయన. ఉన్నరు అని చెప్పిన. నేను వచ్చెవరకు అది పోయింది. చెల్లె టార్చి గూడ ఆర్పి పెట్టింది. నా కాలిన చేతిని సూసి, "ఇగ చాయ్ వద్దన్నా" అన్నది. అదే ఆఖరు.

ఇప్పుడు ఆ రూంల కాళ్లు ఇరిగిన కుర్చీలు ఏసిండ్రు. తాళం నా దగ్గరనే ఉంటది, కరెంటు మీటరు ఆడనే ఉంది గనక. కాలేజీల ఆరిపోయిన ఎల్ఈడీ బల్బులు నేనే మారుస్త. ఒక దినం ఒకటి ఇప్పి సూసిన. లోపల చిన్న చిన్న బిళ్లలు, వాటి మీద పసుపుపచ్చ పూత. ఆ పూత కింద ఉండేది నీలమేనంట, చెల్లెనే చెప్పింది ఎప్పుడో. నీలం మీద పచ్చటి పూత పూస్తె తెలుపు అయితదంట. అది వేరే జాతి నీలం, గింజలది గాదు. అది ఏండ్లకేండ్లు నిలుస్తది. నేను నిచ్చెన మీద నిలబడి ఆ బల్బును చేతుల పట్టుకొని, ఎంతసేపు ఉన్ననో తెల్వదు. కింద నుంచి పిల్లలు లైటు రాలే అని అడిగిండ్రు. వస్తది అన్న.

చెల్లె నాగర్‌కర్నూల్ల ఒక ప్రైవేటు బడిల లెక్కలు, సైన్సు చెప్తుంది. బల్మూర్ దిక్కు నుంచి ఆటోలల్ల వచ్చే పిల్లలు ఎక్కువ. ఒక రూం కిరాయికి తీసుకొని ఉంటుంది. చేతుల ఎల్లిగడ్డ వాసన పోయింది. బస్సుల ఆమె పక్కన ఎవరన్న కూసుంటరు. ఆ సంగతి ఒకసారి నేనే నవ్వులాటకు అన్న. "అవునన్నా, ఇప్పుడు జాగ దొరకది" అన్నది గంతే.

అమ్మకు మేము ఏం చెప్పలే. రూం వేరే పనికి కావాల్నన్నరని, చెల్లెకు బడిల పని దొరికిందని చెప్పినం. అమ్మ ఎవరినీ ఏం అడగలే. ఊర్లల్ల మాత్రం మిరప చేండ్లల్ల పనిచేసుకుంట, మా బిడ్డ నీలం దీపం చేసింది, అర్రల నేను కండ్లార సూసిన అని చెప్పుకుంటదని పక్కింటామె నాకు చెప్పింది. "ఎప్పుడొస్తదంట టీవీ?" అని ఆమె నన్ను అడిగింది. వస్తది అని ఆమెకు గూడ చెప్పిన. అడిగినోళ్లందరికి నేను ఇచ్చే జవాబు అదే అయింది.

మొన్న దసరాకు అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొని నాగర్‌కర్నూల్ బయలుదేరింది. నేను గూడ పోయిన. చెల్లె రూంల సామాను ఏముంటది? స్కూటీకి బొట్టు పెట్టింది. మిక్సీకి పెట్టింది. చాక్‌పీసుల డబ్బాకు, స్కేలుకు, ఎర్ర పెన్నులకు పెట్టింది. నా టెస్టరు జేబుల ఉంటె అడిగి తీసుకొని దానికి పెట్టింది. కిటికీ గూట్ల ఊదా టార్చి, దాని పక్కన బూడిద రంగు చిన్న సీసాలు కొన్ని ఉండె. చెల్లె వాటిని పారెయ్యలే అని నాకు గప్పుడే తెలిసింది.

అమ్మ గూటి కాడికి పోయింది. పసుపు ఏళ్లు ముందుకు పోయి ఆగినయి. ఆమె చెయ్యి మెల్లగ ఎనకకు తీసుకొని, కొంగు కింద పెట్టుకున్నది. పక్కకు జరిగి మంచం కోడుకు బొట్టు పెట్టింది.

నాకు గప్పుడు సమజయింది. పొట్లం కట్టిచ్చిన నాటి నుంచి ఆమెకు తెలుసు. ఏ టోలుయీన్ తెల్వకపోయినా, బిడ్డ మొఖం సూసి తన చెయ్యి ఏడ తగిలిందో తెలుసుకున్నది. ఇన్ని దినాలు ఊరంత నీలం దీపం అని చెప్పుకుంట తిరిగింది ఆ తెలిసిన మనిషే.

చెల్లె గూడ సూసింది. గూట్ల నుంచి టార్చి తీసి, రెండు చేతులతోని అమ్మ ముందు పట్టింది.

"దీనికి పెట్టలే గదమ్మా."

"దానికి వద్దులే బిడ్డా."

"పెట్టు. ఇగ దాంట్ల పాడయ్యేది ఏమున్నది?"

అమ్మ చెయ్యి కొంగు కింది నుంచి రాలే. చెల్లె టార్చి గట్లనే పట్టుకొని నిలబడ్డది. నా వంతు మాట ఒకటి ఉండాలె ఆడ, ఇద్దరు నా దిక్కు సూసిండ్రు గూడ. టిఫిన్ డబ్బా మూత పెట్టి, చాయ్ పెడ్త అని పొయ్యి కాడికి పోయిన.